తాడు కట్టే చెయ్యి

పిడిగుద్దులాటలో నేనెంతటి మొనగాణ్నంటే, హోలీనాడు నేను తాడు పట్టుకుని నిలబడగానే అవతలి వరుసవాళ్ళు నన్ను కొట్టే పనిని జ్వరం వచ్చి లేచినవాడికి అప్పగించేవారు. "పాపం, వీనికి ఇంక నీరసం పోలే, ఆ బక్కోణ్ని ఇయ్యిండ్రి" అనేవారు. అంటే నేను పథ్యం కింద లెక్క.

అలాంటి నా ఎదుట మొన్న కటింగ్ షాపులో ఇద్దరు కుర్రాళ్ళు ఫోను పట్టుకుని వాదులాడుకుంటున్నారు, ప్రపంచంలో ఇప్పటిదాకా పుట్టిన బాక్సర్లలో ఎవడు గొప్పవాడని. వాదన ఎంత రంజుగా ఉందంటే మంగలాయన కూడా కత్తి నా గొంతు మీద ఆనించి పెట్టి, మెడ మాత్రం ఫోను వైపు తిప్పాడు. ప్రాణభయంతో నేనూ మధ్యలో దూరాను.

"గా ముచ్చట ఎప్పుడో తేలిపోయింది బిడ్డా" అన్నాను.

"ఏడ తేలింది తాతా?"

"మా ఊళ్ళె."

"తీర్పు ఎవలు జెప్పిండ్రు?"

"నేనే."

షాపంతా నవ్వింది. "తాత నాలుగో తరగతి గూడ దాటలే, తీర్పులు జెప్పిండట" అన్నాడు మంగలాయన. నేను దాటడానికి సిద్ధంగానే ఉన్నాను, నాలుగో తరగతే నన్ను దాటనివ్వలేదు. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు, కత్తి ఇంకా గొంతు మీదే ఉంది. గడ్డం అయ్యాక ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుంటే, చెంపల మీది పటిక చల్లదనంలోంచి నేను తీర్పు చెప్పిన ఆ ఏటి హోలీ మొత్తం లేచొచ్చింది.

మా ఊరు ఆదిలాబాదు జిల్లాలో, గోదావరికి ఇవతలి గట్టున ఉండేది. ఉండేది అంటున్నాను గదా, ఇప్పుడు లేదు. ప్రాజెక్టు నీళ్ళు వచ్చి ఊరిని మింగేశాయి. నీళ్ళు రాకముందు అక్కడ ప్రతి హోలీకి పిడిగుద్దులాట జరిగేది. చావడి ముందర రెండు గుంజలు పాతి, వాటి మధ్య మణికట్టంత లావు తాడు కట్టేవారు. తాడుకు ఇటు పై వాడ, అటు కింది వాడ. ఒక చేత్తో తాడు పట్టుకోవాలి, రెండో చెయ్యి పిడికిలి బిగించి ఎదుటివాణ్ని గుద్దాలి. తాడు వదిలినవాడు ఓడినట్టు. డప్పు ఆగగానే చేతులు ఆగాలి. తర్వాత అందరూ కామున్ని కాల్చిన బూడిద తెచ్చి ఒకరి దెబ్బలకు ఒకరు పూసుకుని అలాయ్‌బలాయ్ అంటూ కౌగిలించుకోవాలి. మధ్యాహ్నం తన పన్ను కదిలించినవాడికి సాయంత్రం కల్లు పోసేంత మర్యాద మా వాళ్ళది.

పండుగ పది రోజులు ముందే వాసనతో వచ్చేది. అవ్వ గంగాళంలో మోదుగుపూలు ఉడకేసేది, నీళ్ళు నారింజ రంగుకు తిరిగేవి. భైంసా బజారు నుంచి చక్కెర పేర్లు, అంటే చక్కెర బిళ్ళల దండలు, వచ్చేవి. వాటిని మెడలో వేసుకుని తిరగాలని పెద్దల ఆజ్ఞ, తినకూడదని కూడా వాళ్ళ ఆజ్ఞే. సాయంత్రానికి నా మెడలో దారం మాత్రం మిగిలేది. పోలెలు కాలుతుంటే నెయ్యి, బెల్లం, యాలకుల వాసన వాడంతా నిండేది. కానీ మా ఇంట్లో వీటన్నిటినీ ఓడించే వాసన ఇంకొకటి ఉండేది. అది నానబెట్టిన జనుము.

పిడిగుద్దులాటకు తాడు పేనేది మా తాత. గుంటలో జనుము కట్టలు నానేసి, కుళ్ళాక నార తీసి, ఆరబెట్టి పేనేవాడు. ఆ వాసనకు అవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "గిది ఇల్లా, బర్లు పండే మడుగా?" అని గొణిగేది. తాతకు వినపడేది కాదు. వినపడకపోవడం తాతకు బాగా వచ్చిన విద్య.

తాడు పేనడం వేరు, కట్టడం వేరు. గుంజలకు తాడు కట్టే హక్కు ఊళ్ళో ఒక్కడిదే. గుద్దులో ఇతన్ని మించినవాడు లేడని రెండు వాడలూ ఒప్పుకున్న మనిషిది. నేను పుట్టిన దగ్గర్నుంచీ ఆ పని చావడి పక్కింటి పెద్దాయన చేసేవాడు. ఆయన ఆ ఏడు చలికాలంలో కాలం చేశాడు. హోలీ దగ్గరికొస్తోంది. తాడు కట్టేదెవరు?

పై వాడ మా తాత పేరు చెప్పింది. కింది వాడ పుర్రచేతి తాత పేరు చెప్పింది. ఆయన ఎడమచేతి వాటం మనిషి, అందుకని ఊరంతా ఆయన్ని అలాగే పిలిచేది. వయసులో ఉన్నప్పుడు ఎవడి గుద్దు ఎంతటిదో చూసినవాళ్ళు అప్పటికే సగం మంది పోయారు. మిగిలిన సగం చూసినదానికన్నా ఎక్కువ చెప్పేవారు.

ఈ వాదనకు కచేరీ కమ్మరి కొలిమి. నాగళ్ళ కర్రులు సాగదీయించుకోవడానికి వచ్చినవాళ్ళు పని అయిపోయినా కదిలేవారు కాదు. ఎర్రటి ఇనుము నీళ్ళలో ముంచినప్పుడు వచ్చే ఆ ఘాటు వాసనలో, తిత్తి ఊదే చప్పుడులో, పొద్దంతా అదే మాట. కమ్మరాయన్ని మేమంతా కాక అనేవాళ్ళం. ఆయన ఏ వాడకూ చెందడు, కొలిమి సరిగ్గా రెండు వాడల మధ్య ఉండేది. అందుకే ఆయన మాటకు విలువ.

"మా పుర్రచేతాయన గుద్దితే ఎద్దు కూసున్నది. నా కండ్లార చూసిన" అన్నాడు కింది వాడవాడొకడు.

"కూసున్నది నిజమే" అన్నాను నేను. "ఎండకు కూసున్నది. ఈయనొచ్చి పక్కకు నిలవడ్డడు."

"నువ్వు మాట్లాడకురా బక్కోడా. మీ తాత గుద్దితే ఒకని పాగ ఎగిరి ఇంటి మీద వడ్డదట. పాగ కట్టుకొనుడు రానోణ్ని కొట్టుడు గూడ ఓ గొప్పేనా?"

"పాగ ఎగిరింది గని, పాగ కింద తలకాయ ఏడ వడ్డదో మీవోళ్ళు ఇప్పటిదాంక దేవులాడుతుండ్రు."

కాక సుత్తె ఆపి నవ్వాడు. నా పని అంతవరకే. బడి మానేసి కాక దగ్గర తిత్తి ఊదుతున్నానని అవ్వ బాధ. నేను నేర్చుకున్నది నోటి పని అని కాకకు మాత్రమే తెలుసు.

ఆ రోజుల్లోనే మా మామ, అంటే తాత అల్లుడు, వచ్చాడు. మంచిర్యాల దిక్కు బొగ్గుబాయిలో పని ఆయనకు. టెర్లిన్ అంగీ, తలకు పూలవాసన నూనె, చేతికి గడియారం. గడియారం నడవకపోయినా చెయ్యి మాత్రం ప్రతి మాటకూ పైకి లేచేది. టాకీసులో అసలు సినిమాకు ముందు వేసే వార్తల బొమ్మలో ఆయన బాక్సింగ్ చూశాడు. వచ్చీ రాగానే కొలిమి దగ్గర కూర్చుని మా వాదనంతా విని పెదవి విరిచాడు.

"మీరు బాయిల కప్పల లెక్కున్నరు. అస్సలు మొనగాడు అమెరికాల ఉన్నడు. నల్లటి మనిషి, తాడిచెట్టంత పొడుగు. గాయన ముందల మీ పుర్రచెయ్యీ లేదు, మా మామా లేడు."

"ఏం జేస్తడు గాయన?" అన్నాడు కాక.

"ఎగురుకుంట కొడ్తడు. ముందటికొచ్చి కొట్టి, ఎనుకకు పోతడు. మళ్ళ పక్కకు దుంకుతడు."

"ఎనుకకు పోతడా?" కాక మొహంలో అనుమానం. "తాడు పట్టుకొని ఎట్ల పోతడు?"

"తాడు పట్టుకోరు కాకా. తాళ్ళు సుట్టూరంగ ఉంటయి. వీళ్ళు నడుమ ఉంటరు."

కింది వాడవాడే అన్నాడు, "తాడు ఇడిసిపెట్టి ఉరికేటోడు మొనగాడెట్లయితడే? ఓడినట్టే గద."

"చేతులకు మెత్తటి సంచులు గూడ కట్టుకుంటరు" అన్నాడు మామ, ఇంక తగ్గిన గొంతుతో.

"పరుపులు కట్టుకొని గుద్దుకునుడేంది? దెబ్బ తగుల్తదని భయమైతె ఇంటికాడ పండరాదు?" అన్నాను నేను.

అలా ఆ అమెరికా వస్తాదు మా ఊరి పోటీ నుంచి తొలి రోజే తప్పుకున్నాడు. పాపం, ఆయనకు కబురు కూడా అంది ఉండదు. అయితే మామ చెప్పిన ఒక్క సంగతి అందరికీ నచ్చింది. అక్కడ కొట్టుకునే ఇద్దరి మధ్య తెల్లంగీ తొడుక్కున్న మూడో మనిషి ఒకడు ఉంటాడట. ఎవరు గెలిచారో ఆయనే చెప్తాడట. తీర్పుకు విడిగా ఒక మనిషా! మా ఊరి ఆటకు అదొక్కటే తక్కువైందని తేల్చేశారు.

ఆ సాయంత్రం తాత వాకిట్లో తాడు పేనుతున్నాడు. రెండో కొస పట్టుకుని నేను మెలి తిప్పుతున్నాను. ఆ ఏడు తాడు ఎప్పటికన్నా లావుగా ఉంది.

"ఇంత మందం ఎందుకు తాతా? ఏనుగును కడ్తవా?"

తాత నవ్వలేదు. "నేను పేనిన తాడు నేను కట్టంగ ఎన్నడన్న చూసినవారా?"

"లే."

"నేను గూడ చూడలే" అన్నాడు. మళ్ళీ నార అందుకున్నాడు. నేను నా కొసను ఇంకో మెలి తిప్పాను.

కాముని మంటకు కట్టెలు దొంగిలించడం పోరగాళ్ళ హక్కు. ఊళ్ళో విరిగిన మంచం, పాత తలుపు, బండి నొగ ఏది బయట ఉంటే అది కామునిదే. పొద్దు గూకే వేళ మేం పుర్రచేతి తాత పెరట్లో దూరి నులక తెగిన మంచం ఎత్తాం. ఆయనకు కళ్ళకు పొరలొచ్చి మనిషి ఆనవాలు పట్టేవాడు కాదు. ఆ ధైర్యంతో నేను నవ్వాను. అంతే, "గా నవ్వు పై వాడ బక్కోనిదే!" అన్న కేకా, మట్టిపెడ్డా కలిసే వచ్చాయి. పెడ్డ సరిగ్గా నా వీపు నడుమ తగిలింది. చూపున్నవాడు కూడా అంత బాగా కొట్టలేడు.

వాదన ఎంతకీ తెగకపోయేసరికి కాక తేల్చాడు. హోలీ పొద్దున ఇద్దరు పెద్దలూ తాడు పట్టుకోవాలి. డప్పు మీద ఒక దెబ్బ పడగానే తలా ఒక గుద్దు. ఎవరి గుద్దు పెద్దదైతే మధ్యాహ్నం తాడు వాళ్ళు కట్టాలి.

తాత ఒప్పుకోలేదు. "కండ్లు కనవడనోని మీద చెయ్యి లేపి గెలిస్తె, గా తాడు గుంజకు గాదు, నా మెడకు కట్టుకోవాలె."

ఈ మాట కింది వాడకు చేరింది. గంట తిరక్కముందే జవాబొచ్చింది. "నా కండ్లు మసకవడ్డయి గని చెయ్యి మసకవడలే. తాడు పట్టుకొని నోరు తెరువుమను. నోరు ఏడుంటె మొకం ఆడనే గద."

ఇంక తాత కాదనలేకపోయాడు.

నడిమి మనిషి ఎవరన్న ప్రశ్న వచ్చింది. మామ తానే అన్నాడు. కానీ ఆయన టెర్లిన్ అంగీ నలుగుతుందని అత్త ఒప్పుకోలేదు. ఊళ్ళో పెద్ద గొంతు నాది కాబట్టి నన్ను పెట్టమన్నారు. మీ తాత దిక్కు చెప్తావని కింది వాడవాళ్ళు అడ్డుపడ్డారు. పుర్రచేతి తాతే వాళ్ళ నోరు మూయించాడు. "వాన్నే ఉండనియ్యిండ్రి. వాని నోట్ల ఏది ఆగదు, ఇంక అబద్ధం ఏడ ఆగుతది?" అన్నాడు. మామ తన పాత తెల్లంగీ నాకు తొడిగాడు. చేతులు మోకాళ్ళ దాకా వచ్చాయి. మెడకు నల్లగుడ్డ పేలిక ముడేశాడు, వార్తల బొమ్మలో అలాగే ఉందట. అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "మక్కచేన్ల నిలవెట్టొస్తె పిట్టలన్న రాకుంట ఉంటయి" అంది.

చావడి ముందు రెండు వాడలూ చేరాయి. చెరో వాడ నుంచి బలమైన మనుషులు తాడు కొసలు పట్టుకుని బిగలాగారు. తాడుకు ఇటు మా తాత, అటు పుర్రచేతి తాత. ఇద్దరికీ తలపాగలు, ఇద్దరి ఛాతీల మీదా తెల్ల వెంట్రుకలు. తాత ఎడమ చేత్తో తాడు పట్టుకున్నాడు. పుర్రచేతి తాతది ఎడమ వాటం కాబట్టి ఆయన కుడి చేత్తో పట్టుకున్నాడు.

ఇక్కడే మా ఊరి తెలివి అంతా బయటపడింది. మామ చూసిన ఆటలో నడిమి మనిషి తిరగడానికి జాగా ఉంటుంది. మా ఆటలో ఇద్దరి మధ్య ఉండేది ఒక తాడు మందం జాగా. నేను ఎక్కడ నిలబడాలి? ఎవరూ ఆలోచించలేదు. చూస్తే తాడు పట్టుకున్న చేతులు రెండూ ఒక పక్కనే ఉన్నాయి. రెండో పక్క ఖాళీగా, హాయిగా కనిపించింది. వెళ్ళి అక్కడ నిలబడి, తల ఇద్దరి మధ్యకూ వంచాను. కుడిచేతివాడూ ఎడమచేతివాడూ ఎదురెదురుగా నిలబడితే పిడికిళ్ళు రెండూ వచ్చేది ఆ ఖాళీ పక్క నుంచేనని నాలుగో తరగతిలో చెప్పలేదు.

"మాట్లాడురా, ఏడున్నవ్?" అన్నాడు పుర్రచేతి తాత.

తాత నోరు తెరవబోయాడు. అంతకన్నా ముందే నేను, ఊరు అదిరిపోయేలా, "షురూ!" అని అరిచాను. డప్పు మోగింది.

నోరు ఎక్కడుంటే మొహం అక్కడే గదా. పుర్రచేతి తాత ఎడమ పిడికిలి నా గొంతు వెతుక్కుంటూ వచ్చింది. కుడి చెంప మీద ఏదో పేలింది. చావడి, గుంజలు, మా అవ్వ, అందరూ ఒక చుట్టు తిరిగి మళ్ళీ ఎవరి చోటికి వాళ్ళు వచ్చారు. అదే రెప్పపాటులో తాత పిడికిలీ వచ్చింది. దాన్ని మాత్రం నేను చూశాను. పూర్తి ఊపులో బయల్దేరిన చెయ్యి దారిలో నా మొహాన్ని చూసింది. తాత కళ్ళు పెద్దవయ్యాయి, భుజం దాకా నరాలు ఉబ్బాయి, ఊపంతా ఆయనే మింగేశాడు. పొద్దున్నే నిద్ర లేపడానికి తట్టినట్టు పిడికిలి నా ఎడమ చెంపకు తగిలి ఆగింది.

నేను కింద కూర్చున్నాను. కూర్చున్నానని తర్వాత చెప్తే తెలిసింది.

"బిడ్డా, బిడ్డా" అని అవ్వ అరుగు దూకి వచ్చింది. "ఎవలికి తగిలింది? ఎవన్ని కొట్టిన?" అని పుర్రచేతి తాత గాలిలో చేతులాడిస్తున్నాడు. ఈ గొడవలో మా ఊరివాళ్ళు మరిచిపోనిది ఒక్కటే, తీర్పు. "ఇగ పరేషాన్ ఎందుకు? రెండు గుద్దులు తిన్నోడు వీడొక్కడే. వీన్నే అడుగుదాం" అన్నాడెవడో.

కాక బూడిద తెచ్చి నా రెండు చెంపలకూ పూశాడు. ఇంకా గోరువెచ్చగా ఉంది, కాలిన కట్టె వాసన. "కాముని బూడిద మొకం మీదుండంగ అబద్ధమాడొద్దు. ఏ గుద్దు పెద్దది? జెప్పు."

తాత వైపు చూశాను. ఆయన నన్ను చూడడం లేదు, తాడును చూస్తున్నాడు. చెయ్యి ఆగిన సంగతి ఆయనకు తెలుసు, నాకు తెలుసు. కానీ కాక అడిగింది తగిలిన దెబ్బ గురించి. తగలని దెబ్బకు లెక్క ఎవరు కడతారు?

"కుడి చెంపది" అన్నాను. మాట వంకరగా వచ్చింది.

కింది వాడ డప్పులతో ఎగిరింది. తాత తాడు చుట్టలు చుట్టి భుజాన వేసుకుని అవతలికి నడిచి, పుర్రచేతి తాత చేతుల్లో పెట్టాడు. ఆయన వేళ్ళతో తడుముతూ దాని లావు చూశాడు.

"గింత మందం పేనినవేందిరా? ముడి ఎట్ల వడుతది?"

"పడుతది. గట్టిగ గుంజు."

"నువ్వు గా కొస పట్టుకో మరి" అన్నాడు.

మధ్యాహ్నం ఒక గుంజ దగ్గర పుర్రచేతి తాత ముడి వేస్తుంటే, రెండో గుంజ దగ్గర తాత కాలు తన్నిపెట్టి కొస లాగి పట్టుకున్నాడు. ఊరు నీళ్ళలో పోయేదాకా ప్రతి హోలీకి తాత పేనుతూనే ఉన్నాడు, ఆయన కడుతూనే ఉన్నాడు. తర్వాత మేం లేచి కొత్త జాగాలకు వచ్చాం. రెండు వాడలు నాలుగు ఊళ్ళకు చెదిరాయి, అవతలి వరుస అంటూ లేకపోయింది. ఎదురుగా నిలబడేవాడు లేనప్పుడు తాడు ఎవరి కోసం కడతారు? జనుము వాసన పీడ వదిలిందని అవ్వ ఒక ఏడాది సంతోషపడింది. ఆ తర్వాత ఏడాది మోదుగుపూలు ఉడకేస్తూ, ఏదో తక్కువైనట్టు గంగాళంలోకి వంగి రెండుసార్లు వాసన చూసింది.

ఇంతకూ ఆ హోలీ సాయంత్రం మాట చెప్పాలి. తాత వాకిట్లో మంచం మీద పడుకున్నాడు. ఊరంతా పుర్రచేతి తాత పేరే. నేను దవడ కదలక, పోలె ముక్క పాలలో నానబెట్టుకుని మింగుతున్నాను. మెడలో చక్కెర పేరు ఆ ఒక్క ఏడు చెక్కుచెదరలేదు. తాత మీద నాకు కోపంగా ఉంది.

"నువ్వు చెయ్యి ఆపినవ్ తాతా. నేను చూసిన. గా ఒక్క మాట కాకకు జెప్పితె తాడు నీకొస్తుండె. ఎందుకు జెప్పలే?"

తాత అటు నుంచి ఇటు తిరగను కూడా లేదు.

"నేను జెప్పుడెందుకురా? నీ తలకాయ ఇంక నీ మెడ మీదనే ఉన్నది గద. ఊరోళ్ళను దాన్ని చూసుకొమ్మను" అన్నాడు.